అద్దం లోపలి చెమ్మ

కాకినాడనుంచి ఒక సోదరి ఉత్తరం వ్రాశారు. పేరు వేయవద్దన్నారు గనుక వేయడం లేదు. వారికొక మరబోటు ఉంది. కిందటేడు ఎవరి దగ్గరో పాతది కొన్నారట. భర్తగారు ఒడ్డున ఉండి లెక్కలు చూసుకుంటారు. మరిది బోటుమీద వేటకు వెళతాడు. చుక్కాని ముందు పలకకు బిగించిన నాలుగు మీటర్లకూ లోపలివైపు తెల్లగా ఆవిరి పడుతోందనీ, తెల్లవారుఝామున ముల్లు ఎక్కడుందో కనిపించడం లేదనీ మరిది చెప్పాడట. "తుడిచినా పోదట. ఎండెక్కితే దానంతటదే పోతుందట, రాత్రికి మళ్ళీ వస్తుందట. మావారితో అంటే, అద్దానికి చెమట పడితే కొంప మునుగుతుందా అని నవ్వుతారు. నిజంగా మునగదాండీ?" అని ఆవిడ ప్రశ్న.

మునుగుతుందనీ అనను, మునగదనీ అనను. ఆవిరివల్ల మునిగిన బోటును నేనింతవరకు చూడలేదు. కాని, ఆవిరి పట్టిందని మీటరువైపు చూడడమే మానుకున్న డ్రైవర్లను మాత్రం చాలామందిని చూశాను. భయపడవలసింది దానికి. నవ్వినందుకు ఆవిడ భర్తగారిని నేనేమీ అనను. ఒడ్డున కూర్చున్నవాడికి అది చెమటలాగే కనిపిస్తుంది మరి.

ముప్పయ్యేళ్ళకు పైగా ఈ మీటర్లు విప్పి బిగించడమే నా జీవనం. అందులో ఒకటి చెబుతాను. ఒక బోటు హోప్ ఐలండు దాటి బయటి సముద్రంలోకి వెళ్ళి, మర్నాడు మరో బోటు వెనకాల తాడు కట్టించుకుని తిరిగివచ్చింది. ఇంజను పట్టేసింది. ఆయిలు గొట్టం మర ఒకటి అదురుకు కొద్దికొద్దిగా వదులై, ఆయిలంతా బోటు అడుగునీళ్ళలోకి కారిపోయింది. డ్రైవరు గట్టివాడే. ఇంజను శబ్దం విని దాని జబ్బు చెప్పగలనని పేరు తెచ్చుకున్నవాడు. నిజంగానే చెప్పగలడు కూడా. ఎటొచ్చీ ఆయిలు లేని బేరింగు శబ్దం చేసేది అరిగిపోవడం మొదలుపెట్టిన తర్వాతనే. చెవికి తెలిసేసరికి పని అయిపోయింది. రాత్రంతా నలుగురు మనుషులు వెలుగులేని బోటులో, అలలకు అడ్డంగా కొట్టుకుంటూ, ఎవరైనా కనిపిస్తారా అని చూస్తూ గడిపారు. అదృష్టవశాత్తు గాలి లేదు. అందరూ ఇల్లు చేరారు. ఇంజను మాత్రం కొత్తగా చేయించినంత ఖర్చయింది.

ఆ బోటు ఆయిలు మీటరు నా దుకాణానికి తెచ్చారు. "ఇది పాడైంది, అందుకే ఇంత జరిగింది" అన్నారు. ఒత్తిడి పెట్టి పరీక్ష చేస్తే ముల్లు వెంట్రుకవాసి తేడా లేకుండా తిరిగింది. దానికి ఏ జబ్బూ లేదు. అద్దం లోపల ఆరు నెలలనుంచి ఆవిరి, అంతే. మొదట్లో డ్రైవరు గుడ్డతో తుడిచాడట, వేలితో కొట్టి చూశాడట. ఆ తర్వాత దాని ఊసే మరిచిపోయాడు. ఆ రాత్రి కూడా ముల్లు సున్నావైపు మెల్లగా దిగే ఉంటుంది. ఇంజను ఆపమని చెప్పడానికి అది చాలు. చూసేవారు లేకపోయారు.

అంచేత అమ్మా, మీ మరిదిగారి మీటర్ల సంగతి నవ్వి ఊరుకునేది కాదు. అయితే కంగారుపడి నాలుగు కొత్త మీటర్లు కొనవలసిన అవసరమూ లేదు. ముందు ఆ ఆవిరి ఎక్కణ్ణుంచి వస్తోందో తెలుసుకుంటే సగం పని అయినట్టే.

మన భాషలో మంచు కురుస్తుంది అంటాము. వానలాగా అది పైనుంచి పడుతుందని పూర్వం చాలా దేశాలవాళ్ళు అనుకున్నారు. లండనులో విలియం చార్లెస్ వెల్స్ అని ఒక వైద్యుడుండేవాడు. ఆయన రాత్రిళ్ళు తోటలో ఉన్నిపింజలు పరిచి, తెల్లవారి తూచి, ఎక్కడెక్కడ ఎంత తడి చేరిందో లెక్కకట్టి, 1814లో ఒక పుస్తకం అచ్చువేశాడు. మంచు పడేది కాదు, వస్తువు చల్లబడితే దాని చుట్టూ ఉన్న గాలిలోని నీరే దానిమీద చేరుతుంది అని నిరూపించాడు. ఆరుబయట ఆకాశం కేసి చూస్తున్న వస్తువు తన వేడిని ఆకాశానికి ధారపోసి, చుట్టూ ఉన్న గాలికంటె చల్లబడుతుందనీ, గడ్డిమీద కొంచెం ఎత్తున పల్చటి చేతిరుమాలు పరిచి కట్టినా చాలు, దానికింద గడ్డి అంత చల్లబడదనీ చూపించాడు. ఈ చేతిరుమాలు సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ పనికివస్తుంది.

ఇంట్లో ఆడవారికి ఇదంతా వెల్స్ చెప్పకుండానే తెలుసు. వేడి వేడి కూర క్యారియరులో పెట్టి వెంటనే మూత బిగిస్తే మూత లోపల నీటిబొట్లు కడతాయి. జాడీ ఆరకుండా ఆవకాయ పెడితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. మీటరు కూడా ఒక చిన్న జాడీ అనుకోండి. అద్దం దాని మూత. లోపల గాలి ఉంది. గాలిలో నీరుంది. రాత్రి అన్నిటికంటె ముందు చల్లబడేది అద్దం, అంచేత నీరు చేరేదీ అద్దానికే.

ఎంత నీరు? ఇది వింటే ఆశ్చర్యపోతారు. రెండంగుళాల మీటరు లోపల పట్టే గాలి లీటరులో ఎనిమిదో వంతు. 30 డిగ్రీల సెంటీగ్రేడు వేడిమిలో గాలి ఎంత తడిసినా లీటరుకు 30 మిల్లీగ్రాముల నీరే పట్టుకోగలదు. ఆ లెక్కన మీటరులో ఉన్నది నాలుగు మిల్లీగ్రాములకు లోపు. మందుసీసాలోనుంచి వేసే ఒక్క బొట్టు 50 మిల్లీగ్రాములుంటుంది. అంటే బొట్టులో పన్నెండో వంతు నీరు కూడా లేదు. అందులోనూ అద్దానికి పట్టేది ఒక పాలే. ఆ పిసరే పల్చగా పరుచుకుని ముల్లు కనపడకుండా చేస్తుంది. ఈ లెక్క ఎందుకు చెప్పానంటే, మీటరు అద్దం లోపల బొట్లు కట్టి కిందికి జారుతున్నా, అడుగున చుక్క నిలిచినా, అది మొదట్లో లోపల ఉండిపోయిన గాలి తెచ్చిన నీరు కాదని తెలుసుకోవాలి. అది రోజూ కొంచెం కొంచెంగా చేరిందన్నా కావాలి, లేదా నీరే లోపలికి దూరిందన్నా కావాలి.

రోజూ ఎట్లా చేరుతుందంటారా? మీటరు ఊపిరి పీలుస్తుంది. హాస్యానికి అనడం లేదు. పగలు ఎండకు లోపలి గాలి వ్యాకోచించి సందుల్లోంచి బయటకు పోతుంది. సాయంత్రం చల్లబడి ముడుచుకున్నప్పుడు బయటి గాలిని లోపలికి లాగుతుంది. బయటి గాలి ఎటువంటిది? సముద్రంమీది గాలి, ఉప్పునీటి ఆవిరితో తడిసి ముద్దయినది. నీటితో వచ్చి, నీటిని అక్కడ వదిలి, మర్నాడు ఒంటిగా వెళుతుంది. ఇట్లా ఏడాదికి మూడువందల అరవై ఉచ్ఛ్వాసాలు.

ఇంతకంటె పాపిష్ఠిది ఇంకొకటి ఉంది. మిట్టమధ్యాహ్నం ఎండలో కాగిన మీటరు 50 డిగ్రీలున్నదనుకోండి. ఒక అల లేచి పలకమీద పడింది, లేకపోతే కలాసీ కుర్రాడు శుభ్రం చేద్దామని బకెట్టుడు నీళ్ళు కుమ్మరించాడు. మీటరు ఒక్కసారిగా 25 డిగ్రీలకు దిగింది. లోపలి గాలి నూటికి ఎనిమిది వంతులు ముడుచుకోవాలి. ఆ ముడుచుకోవడంలో పుట్టే లాగుడు ఎంతంటే, ఆ మీటరును 80 సెంటీమీటర్ల లోతు నీటిలో ముంచి పట్టుకున్నట్టు. అద్దం చుట్టూ ఉన్న రబ్బరు చుట్టు ఎండి బిరుసెక్కిపోయి ఉంటే, వెంట్రుకవంటి సందు చాలు, అద్దంమీద ఉన్న నీటినే మీటరు లోపలికి పీల్చేసుకుంటుంది. మీటర్ల పలక కడగడం అనే మంచి అలవాటు మధ్యాహ్నం మాత్రం వద్దు. తెల్లవారినప్పుడు చల్లగా ఉండగా తడిగుడ్డతో తుడిస్తే సరిపోతుంది.

మన మరబోట్లలో మరో చిక్కు. మీటర్ల ముందువైపు సముద్రపు గాలి కొడుతుంది. వెనకవైపు, పలకకు అవతల, ఇంజనునుంచి వచ్చే వేడీ, అడుగునీళ్ళ ఆవిరీ. ముందు చలవ, వెనక వేడి తేమ. ఆవిరి పట్టించడానికి ఇంతకంటె ఏర్పాటు అక్కరలేదు. చాలామంది అద్దం చుట్టూతా బంక పూసి, ఇంకా ఆవిరి వస్తోందే అని నా దగ్గరకు వస్తారు. అది వచ్చేది అద్దంవైపునుంచి కాదు, వెనకనుంచి. తీగలు దూరే రంధ్రం, లోపలి చిన్న దీపం గుచ్చే కన్నం, ఇవి తెరిచే ఉంటాయి. ముందుతలుపు వేసి పెరటితలుపు బార్లా తెరిచిపెట్టినట్టు.

ఆ దీపం మాట వచ్చింది గనుక. పాత మీటర్లలో రెండు మూడు వాట్ల బల్బు ఉండేది. అది రాత్రంతా వెలుగుతూ మీటరు లోపల నులివెచ్చగా ఉంచేది. వెలుగుతోపాటు ఆ వెచ్చదనంవల్ల అద్దం ఎంతోకొంత పొడిగా ఉండేది. ఇప్పుడు బ్యాటరీ ఆదా అని ఎల్.ఇ.డి. దీపాలు మార్చుకుంటున్నారు. మంచివే, బ్యాటరీకి ఉపకారమే, కాని వాటికి వేడి దాదాపు లేదు. "బల్బు మార్చిన దగ్గర్నుంచే ఆవిరి పడుతోందండీ" అని ఎవరైనా అంటే వాళ్ళ భ్రమ కాదు సుమా!

ఇహ ఆ సోదరిగారి మరిది చేయవలసినది. మొట్టమొదట ఆ తెలుపు ఏ జాతిదో కనిపెట్టాలి. మూడు రకాలుంటుంది. వేలితో రాస్తే పోయేది బయటి మంచు. దానికి గుడ్డ చాలు. వేలికి అందకుండా రాత్రి వచ్చి పగలు పోయేది ఊపిరి పీల్చే మీటరు. ఉత్తరంలో వ్రాసినది ఈ రెండోదే, కనుక పెద్ద ఉపద్రవం లేదు. ఎండెక్కినా పోకుండా బొట్లు నిలిచి ఉంటే మటుకు నీరు దూరిందన్నమాట. దాన్ని ఆలస్యం చేయకూడదు. లోపల ఉప్పు చేరితే ముల్లు ఇరుసు, రాగితీగలు పచ్చబారిపోతాయి. ఇవిగాక, నీరే కాని తెలుపు ఒకటి ఉంది. ఈ కాలపు మీటర్లకు చాలావాటికి గాజు ఉండదు, పారదర్శకమైన ప్లాస్టిక్కు ఉంటుంది. ఏళ్ళ తరబడి ఎండ తిని అదే పొర కమ్మిన కన్నులాగా మసకబారుతుంది. దాన్ని ఎంత ఆరబెట్టినా ఏమీ ప్రయోజనం లేదు. అటువంటిదాన్ని పెట్రోలుతో తుడిచేవారిని చూశాను. పెట్రోలు తగిలితే ప్లాస్టిక్కు సన్నగా చిట్లి, ఉన్న చూపు కూడా పోతుంది. సబ్బునీళ్ళు, మెత్తటి గుడ్డ, అంతే.

రెండోరకానికి చికిత్స ఆరబెట్టి మూయడం. ఆరబెట్టడం అందరికీ తెలుసు, మూయవలసిన వేళ చాలామందికి తెలియదు.

తూర్పుతీరంలో ఏటా ఏప్రిల్ 15నుంచి జూన్ 14వరకు, 61 రోజులు మరబోట్ల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని. బోట్లన్నీ ఒడ్డుకు చేరతాయి. ఇంజన్లు విప్పుతారు, వలలు అల్లుకుంటారు, రంగులు వేస్తారు. మీటర్లు విప్పడానికీ అదే కాలం. అయితే పొద్దున్నే చల్లగా ఉందని, సముద్రపు గాలిలో హాయిగా కూర్చుని మీటరు విప్పి, తుడిచి, మళ్ళీ బిగిస్తే ఏమవుతుందో చూడండి. గాలి వేడిమి 33 డిగ్రీలు, తేమ నూటికి 75 వంతులు అనుకుందాం. ఆ గాలి ఘనమీటరుకు 26, 27 గ్రాముల నీరు మోస్తోంది. దాన్ని మీటరులో పెట్టి బిగిస్తే, అద్దం సుమారు 28 డిగ్రీలకు దిగగానే ఆవిరి పడుతుంది. మన తీరంలో 28కి దిగని రాత్రులు ఏడాదికి ఎన్నుంటాయి? ఎంత గట్టిగా మూస్తే అంత గట్టిగా తేమను లోపల బంధించినట్టు.

అదే రోహిణీకార్తెలో పడమటిగాలి కొట్టే మధ్యాహ్నం చూడండి. పెదవులు పగిలిపోతాయి. ఆరవేసిన పంచె అరగంటలో బిరుసెక్కుతుంది. 40 డిగ్రీల వేడి, తేమ నూటికి 25 వంతులు. ఆ గాలిలో నీరు ఘనమీటరుకు 13 గ్రాములే, మొదటిదానిలో సగం. ఆ గాలిని లోపలపెట్టి మూస్తే అద్దం 16 డిగ్రీలకు దిగితేగాని ఆవిరి పట్టదు. కాకినాడలో అంత చలి ఎప్పుడోగాని రాదు. అందరూ తిట్టుకునే ఆ వడగాలి మీటర్లపాలిట ధన్వంతరి. ఆ రెండు గంటల వేళ చెమటలు కక్కుకుంటూ ఆ పని చేయడానికి మనిషి దొరకడం కష్టమనుకోండి.

మీటరు ఊడదీయబోయేముందు బ్యాటరీ తీగ విప్పాలి. ఏ తీగ ఎక్కడిదో గుర్తుకు రంగుదారాలు కట్టుకోవాలి. ఇంజను ఆపకుండా ఆయిలు మీటరు ముట్టుకోకూడదు. పాత రకం ఆయిలు మీటరులోకి తీగకు బదులు సన్నటి రాగిగొట్టం వచ్చి, ఆయిలు తానే స్వయంగా మీటరుదాకా వస్తుంది. లోపల వంకీ తిరిగిన చదును గొట్టం ఒకటి ఉంటుంది. ఒత్తిడి పెరిగితే అది నిటారు కాబోతుంది, ఆ కదలికే ముల్లును తిప్పుతుంది. 1849లో బూర్డాన్ అనే ఫ్రెంచివాడు దానికి పేటెంటు పుచ్చుకున్నాడు. ఇన్నేళ్ళయినా దాన్ని మించిన సరళమైన యంత్రం నాకు కనిపించలేదు. టెంపరేచరు మీటరుకు కూడా కొన్నిటికి వెనక సన్నటి గొట్టం ఉంటుంది. పొడుగు ఎక్కువైందని దాన్ని తెంచినవారున్నారు. తెగితే మీటరు చచ్చినట్టే, అతికితే బతకదు.

అద్దం చుట్టూ ఉండే రేకు అంచు మరలతో బిగించినదైతే విప్పవచ్చు. మడిచి నొక్కినదైతే స్క్రూడ్రైవరు పెట్టి పెళ్ళగించవద్దు. అంచు చిరుగుతుంది, మళ్ళీ ముందరిలా కూర్చోదు. అటువంటిదాన్ని విప్పకుండానే వెనక దీపం ఊడదీసి, ఆ కన్నం తెరిచిపెట్టి, మూత గట్టిగా పట్టే డబ్బాలో సిలికా జెల్‌తోపాటు వారంరోజులు ఉంచితే సరి. సిలికా జెల్ అంటే కొత్త బూట్ల పెట్టెల్లో చిన్న పొట్లాలు వస్తాయే, అదే. తన బరువులో మూడో వంతుదాకా నీరు తాగగలదు. పొట్లాలు చాలవు, మందుల సామగ్రి అమ్మేచోట కిలోల లెక్కన దొరుకుతుంది, గుప్పెడు కొంటే చాలు. బియ్యం డబ్బాలో పెట్టమని సలహా ఇచ్చేవారుంటారు. బియ్యంలోనే నూటికి 12, 13 వంతులు నీరుంటుంది. అది ఇంకొకరి నీరేం తాగుతుంది? పైగా తవుడు మీటరులోకి దూరుతుంది.

ఆరిన తర్వాత అద్దం కింద రబ్బరు చుట్టు కొత్తది వేయాలి. వెనక తీగల కన్నాలకు రబ్బరు బిళ్ళలు పెట్టాలి. బంక వాడేవారికి ఒక మాట. పులిసిన వెనిగరు వాసన వేసే సిలికోను బంక మీటర్లకు పనికిరాదు. ఆరేటప్పుడు అది వదిలే ఆమ్లం రాగినీ ఇత్తడినీ తినేస్తుంది. వాసన లేని రకం వేరే ఉంది, అడిగి తీసుకోవాలి.

కొందరు తెలివైనవాళ్ళు మీటరు అడుగున చిన్న రంధ్రం పొడిచి, నీరు కారిపోతుందిలే అంటారు. ఎండా వానా తగలని గదిలో మీటరుకు అది పనిచేయవచ్చు. అల కొట్టే పలకమీద మాత్రం అది నీటికి ఆహ్వానపత్రిక. ఇప్పటి కొన్ని మీటర్లకు గాలిని పోనిచ్చి నీటిని పోనివ్వని పల్చటి పొర ఒకటి వెనక అతికిస్తున్నారు. ఊపిరి పీలుస్తుంది, నీళ్ళు మాత్రం మింగదు. కొత్తది కొనవలసివస్తే అది ఉందో లేదో చూసి కొనడం మంచిది. ఒత్తిడి మీటర్లలో గ్లిసరిను నింపినవి వస్తాయి. గాలే లేదు గనుక ఆవిరి లేదు, ఇంజను అదురుకు ముల్లు వణకదు కూడా. పైన కొంచెం గాలిబుడగ కనిపిస్తే లోపమని దుకాణంలో వాపసు ఇవ్వవద్దు. వేడికి ద్రవం ఉబ్బడానికి వదిలిన చోటు అది. అట్లా అని మామూలు కరెంటు మీటరులో ఎవరూ గ్లిసరిను పోయవద్దు. పోసినవాడొకడు తెచ్చాడు. దానికి నేను చేయగలిగింది ఏమీ లేకపోయింది.

వేట నిషేధం ఇంకా నెలలున్నదే, ఈలోగా ఏం చేయాలి అంటారు. ఇక్కడ వెల్స్‌గారి చేతిరుమాలు. రాత్రి లంగరు వేసి ఉన్నప్పుడు మీటర్ల పలకకు ఒక గోనెగుడ్డో, చెక్కమూతో అడ్డంపెడితే అద్దం ఆకాశానికి తన వేడి ధారపోయదు, ఆవిరి సగానికి సగం తగ్గుతుంది. పైసా ఖర్చులేదు. బోటు నడుస్తుండగా ఆవిరి పడితే అద్దానికి అరచెయ్యి రెండు నిమిషాలు ఆనించి ఉంచితే ఆ వెచ్చదనానికి కొంత తేట అవుతుంది. టార్చిలైటు ఎదురుగా కాక పక్కనుంచి ఏటవాలుగా వేస్తే ముల్లు నీడైనా కనిపిస్తుంది. ఇంకొక పని, నేను చెప్పినవాటిలో అన్నిటికంటె చవకైనది. ఇంజను సవ్యంగా నడుస్తున్నప్పుడు ముల్లు ఎక్కడ నిలుస్తుందో చూసి, అద్దంమీద కాదు, చుట్టూ ఉన్న అంచుమీద అక్కడ ఎర్రరంగు చుక్క పెట్టండి. అప్పుడు అంకెలు కనపడకపోయినా ముల్లు చుక్కకు ఎదురుగా ఉందా, దిగిందా అన్నది మసకలోనైనా తెలిసిపోతుంది. గంటకొకసారి నాలుగు మీటర్లూ చూసి ఒక చిన్న పుస్తకంలో వ్రాసే సరంగు ఒకాయన నాకు తెలుసు. చదువు రెండో తరగతి. అంకెలు మాత్రం ముత్యాలకోవలాగా ఉంటాయి. ఆవిరి పట్టిన రోజు ఆయన ఆ గడిలో సున్న చుట్టి పక్కన "కనపడలేదు" అని వ్రాస్తాడు. అట్లా మూడు గళ్ళు వరసగా పడ్డాయంటే బోటు ఒడ్డుకు రాగానే మీటరు నా బల్లమీద ఉంటుంది.

ఆ పుస్తకం ఎట్లాగూ అందరూ వ్రాయరు గనుక, ఆ సోదరి భర్తగారితో నా మాటగా ఒకటి చెప్పండి. ఆయిలు ఒత్తిడి పడిపోతే మోగే గంట విడిగా దొరుకుతుంది. ఇంజనుకు ఒక చిన్న మీట, డ్రైవరు తలదగ్గర గంట, మధ్య తీగ. మీటరుతో దానికి సంబంధమే ఉండదు. మీటరుకు ఆవిరి పట్టినా, డ్రైవరు వలవైపు చూస్తున్నా, ఆ కూత వినపడి తీరుతుంది. ఇంజను మొదలుపెట్టేముందు తాళం తిప్పగానే ఒకసారి మోగి, ఇంజను అందుకోగానే ఆగాలి. అట్లా మోగకపోతే గంటే చెడిపోయిందన్నమాట. రోజూ ఆ పరీక్ష చేయించాలి. ఒక ట్రిప్పు డీజిలుతో పోలిస్తే దాని ఖరీదు లెక్కలోకే రాదు. ఇంజను విలువ చెప్పనక్కరలేదు, పైగా అందులో వెళ్ళేది సొంత తమ్ముడు.

సిలికా జెల్ విషయం ఒకటి మిగిలింది. నీలంరంగు గుళికలు నీరు తాగితే గులాబిరంగుకు తిరుగుతాయి, నారింజరంగువి ఆకుపచ్చకు తిరుగుతాయి. అప్పుడు పారవేయనక్కరలేదు. సుమారు 120 డిగ్రీల వేడిమీద రెండు మూడు గంటలు నెమ్మదిగా వేయిస్తే మళ్ళీ మొదటి రంగుకు వస్తాయి, ఎన్నిసార్లయినా వాడుకోవచ్చు. వేయించమన్నాను గదా అని వంటింటి మూకుడు తీయకండి. నీలం గుళికలకు రంగునిచ్చే కోబాల్టు లవణం విషపదార్థం. దానికి పాత రేకుడబ్బా మూత ఒకటి విడిగా ఉంచుకుని, పెరట్లో కుంపటిమీద, పిల్లలు దగ్గర లేకుండా చూసి వేయించండి. వేడి తగ్గకముందే గాజుసీసాలో పోసి మూత బిగించాలి. చల్లారేదాకా ఆరుబయట ఉంచితే ఆ రాత్రి మంచంతా అదే తాగేస్తుంది.